లూదియా నల్లట్ట రికార్డు

నంద్యాల స్టేషన్ రోడ్డులో ‘సంజీవయ్య సౌండ్ సర్వీస్’ అన్న బోర్డు ఇంకా ఉంది. సంజీవయ్య లేడు. బోర్డు కింద, లౌడ్‌స్పీకర్ గొట్టాల మధ్య స్టూలు వేసుకుని వైర్లకు టంకం పెడుతూ కనిపించేది ఆయన కూతురు లూదియా. బనగానపల్లె మామిడితోటల్లో పెళ్ళిళ్ళకూ, చర్చి కూటాలకూ, ఉరుసులకూ, ఎలక్షన్ మీటింగులకూ ఆమే మైకు కడుతుంది. ఊళ్ళలో ఆమెను మైకు లూదియా అంటారు. కొంగు నడుముకు బిగించి, వైరు చుట్ట భుజాన వేసుకుని ఆమె నిచ్చెన ఎక్కుతుంటే కొత్తవాళ్ళు నోరు తెరుచుకుని చూస్తారు. ఎవరో ఒకరు అడగనే అడుగుతారు.

"ఆడమనిషివి, కింద పడితే ఎట్లమ్మా?"

"మగోళ్ళు పడితే ఎట్లనో అట్లనేన్నా. నువ్వు నిచ్చెన గట్టిగా పట్టుకో."

నేనూ ఆమే కలిసి బీయెస్సీ చదివాం. నేనిప్పుడు ఆళ్ళగడ్డ హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. నాకు మూడేళ్ళ కూతురుంది, హేమ. హేమకు చెవులు వినిపిస్తాయా లేదా అన్న ప్రశ్న పోయిన ఏడాది నుంచీ నన్ను ఒకచోట కూర్చోనివ్వలేదు. ఆ ప్రశ్న వేసింది లూదియానే. దానికి జవాబు దొరికింది కూడా ఆమె షాపులోనే, మా కాలేజీ రోజుల నాటి ఒక పాత రికార్డు ముందు.

డెబ్బై అయిదులో నేను బండి ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో నంద్యాల కాలేజీకి వచ్చేదాన్ని. ఫిజిక్సు క్లాసులో ఆడపిల్లలం కొద్దిమందిమే. లూదియాను నేను మొదట గమనించింది సోనోమీటరు ప్రయోగంలో. బిగించిన తీగ మీద చిన్న కాగితం ముక్క పెట్టి, శ్రుతిదండాన్ని మోగించి పెట్టెకు ఆనించాలి. తీగ శ్రుతి కలిసినప్పుడు కాగితం ఎగిరి పడుతుంది. మేమందరం ఊపిరి బిగబట్టి కాగితాన్నే చూస్తున్నాం. లూదియా కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ, "కుదిరింది" అంది. అప్పుడు పడింది కాగితం.

"చెవితో కాదమ్మా, కాగితంతో చూడాలి" అన్నాడు లెక్చరరు.

"చూడండి సార్. పడింది కదా" అంది లూదియా.

ఆ సాయంత్రం లూదియాతో మాట్లాడుకుంటూ నడిచి బస్సు పోగొట్టుకున్నాను. వాళ్ళ షాపులో కూర్చోబెట్టింది. సంజీవయ్య తెల్లటి మీసాలతో, చెవి మీద పెన్సిలుతో, విప్పదీసిన యాంప్లిఫయర్ ముందు ఉన్నాడు.

"బస్సు పోయిందా పాపా? ఇంగో బస్సుండాదిలే. కూచో, చాయ్ తాగు."

లూదియా పెట్టె అడుగు నుంచి ఒక రికార్డు తీసింది. "ఒకటి వినిపిస్తా. నవ్వినావంటే మాత్రం లేచి బస్టాండుకు పోవాల."

ఆ రికార్డు శ్రీశైలం నుంచి వచ్చింది. డ్యాం పనుల కోసం వచ్చి కొన్నాళ్ళున్న ఒక విదేశీ ఇంజనీరు ఊరికి పోతూ సామాను వదిలించుకున్నాడట. అక్కడి కాలనీలో క్రిస్మస్‌కు మైకు కట్టడానికి వెళ్ళిన సంజీవయ్య ఒక పెట్టెడు రికార్డులు తెచ్చుకున్నాడు. ఇది అందులోది. అట్ట సగం చిరిగిపోయింది. మిగిలిన సగం నలుపు, ఒక మూల మాత్రం నారింజ రంగు గీత. దాని పేరేమిటో మాకు ఎప్పటికీ తెలియలేదు. అందుకు కారణం సంజీవయ్యే. పెళ్ళి సందడిలో రికార్డులు చేతులు మారిపోతాయని మైకు సెట్ల వాళ్ళు ప్రతి రికార్డుకూ నడిమి గుండ్రం మీద షాపు చీటీ అతికించి ఎర్ర రంగుతో గుర్తు వేసుకుంటారు. ఆయన దీనికీ అతికించాడు. లూదియా తడిగుడ్డతో చీటీ ఊడదీయబోతే కింద ఉన్న అచ్చుపేరు కూడా దాంతోపాటే వచ్చేసింది. అప్పటినుంచి అది నల్లట్ట రికార్డు అయింది.

ముల్లు పెట్టింది. మొదట చాలాసేపు ఒక లావుపాటి తీగ ఒక్కటే మోగింది, దూరంగా ఎవరి బావి దగ్గరో ఆయిల్ ఇంజను ఆడుతున్నట్టు. దాని వెంట డ్రమ్ములు, సమంగా కాక, తడబడుతున్నట్టే ఉండి తడబడకుండా. తర్వాత గిటారు. ఎక్కడినుంచో ఒక బూర వచ్చి, ఏదో అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

"పాట ఎప్పుడు మొదలైతాది?" అన్నాను.

"ఇదే పాట."

"ఎవురూ పాడరా?"

"పాడితే నీకు అర్థమైతాదా ఏం?"

నవ్వలేదు కానీ నచ్చలేదు కూడా. బస్సులో కూర్చున్నాక కాలు దానంతటదే ఆడుతోంది. పక్కన కూర్చున్న ముసలమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఏందే, చీమలు కరస్తాండాయా?" అంది. ఆ బూర అడిగి వదిలేసిన ప్రశ్న ఇంటికి వచ్చినా పోలేదు. మర్నాడు క్లాసు అయ్యీ అవకముందే, "మీ షాపుకు పోదామా?" అని నేనే అడిగాను.

మూడేళ్ళూ అది విన్నాం. దాన్ని వింటే మనసు కుదుటపడదు. ఏదో జరగబోతోంది, లేచి ఎదురు వెళ్ళాలి అనిపిస్తుంది. నంద్యాలలో ఎండాకాలపు సాయంత్రాలు మాకు ఎదురు వెళ్ళడానికి ఏమీ ఉండేది కాదు. అయినా లేచి షాపు గడప దాకా వెళ్ళి, రోడ్డు చూసి, మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళం. ఇలాంటి సంగీతాన్ని జాజ్-రాక్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంగ్లీషు పత్రికలో చదివి లూదియాకు చెప్పాను. "ఔనా. ఉండనీలే" అంది.

ఒకసారి బనగానపల్లె దగ్గర ఒక పెళ్ళికి నన్నూ తీసుకెళ్ళింది. పంక్తి భోజనాల వేళ సంజీవయ్య తినడానికి లేవగానే లూదియా నల్లట్ట రికార్డు పెట్టేసింది. మామిడితోటంతా గొట్టాల్లోంచి బూర, డ్రమ్ములు. పెళ్ళికూతురి మేనమామ పరుగున వచ్చాడు.

"పాపా, రికార్డు గీసుకపోయినట్టుండాది. ముల్లు మార్చు."

"గీసుకపోలేదన్నా. దాని తీరే అంత."

"దాని తీరు మాకొద్దు. తియ్."

ఆమె తీయబోతుంటే వడ్డనలు చూసుకునే పెద్దమనిషి గరిటెతో సహా వచ్చాడు. "తియ్యొద్దప్పా, తియ్యొద్దు! ఆ గలాటాకు జనం బిన్నా తిని లేస్తాండారు. ఒక పంక్తి అప్పుడే అయిపాయ. రేపటి పంక్తులకు గూడ ఇదే ఎయ్యండి."

సంజీవయ్య చెయ్యి కడుక్కుని వచ్చి అన్నీ విన్నాడు. కూతుర్ని తిట్టాలా, వడ్డన పెద్దమనిషికి దండం పెట్టాలా తెలియక రెండూ చేశాడు.

డిగ్రీ అయిన ఏడాదే సంజీవయ్యకు పక్షవాతం వచ్చింది. లూదియాకు బీయెడ్‌లో సీటు వచ్చింది, నాతోపాటే. ఆమె చేరలేదు. సెట్టు అమ్మేసి పెళ్ళి చేసుకోమని చిన్నాన్న దేవసహాయం చెప్పడానికి వచ్చాడు.

"ఆడపిల్ల స్తంభాలెక్కుతాంటే ఊరు నవ్వుతాది లూదియమ్మా."

"నవ్వనీ చిన్నాయనా. సెట్టు అమ్మితే ఆదివారం చర్చికి మైకెవురు కడతారు? నువ్వు అరుస్తావా?"

మంచంలో ఉన్న సంజీవయ్య నోరు సరిగా తిరగకపోయినా గట్టిగా నవ్వాడు. ఎనభైలో పోయేదాకా ఆయన ఆ మంచాన్ని షాపులోనే వేయించుకున్నాడు. ఏ గొట్టం బాగా పలుకుతోందో, ఏది పగిలిందో పడుకునే చెప్పేవాడు.

నాకు ఆళ్ళగడ్డ సంబంధం కుదిరింది. భర్త దేవరాజు సహకార బ్యాంకులో గుమాస్తా. మా ఇంటి గోడకు ఆనుకునే రాళ్ళు చెక్కేవాళ్ళ పాక. పొద్దున చాయ్ తాగినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా ఉలి చప్పుడు. కొత్తలో తలనొప్పి వచ్చేది. పోనుపోను ఆ చప్పుడు ఆగినప్పుడే తెలిసేది. హేమ పుట్టాక ఆ చప్పుడులోనే ఉయ్యాల కట్టాం. పాక పక్కన ఉయ్యాల, అందులో పిల్ల ఉలిక్కిపడకుండా నిద్రపోతుంది. మా అత్త రామలక్ష్మమ్మ వీధి వీధికీ చెప్పుకునేది.

"మా మనవరాలు రాయి చెక్కుతాంటే పండుకుంటాది. ఈ వీధిలో పుట్టిన బిడ్డంటే ఇట్లుండాల."

ఆ వీధిలో ఇది ఎవరికీ వింత కాదు. ఇక్కడి పిల్లలందరూ ఉలి చప్పుడుకు అలవాటు పడినవాళ్ళే. పిలిచినా పలకకపోతే, "ఉలి చప్పుడులో ఏం ఇనపడ్తాది" అంటారు. హేమకు రెండేళ్ళు నిండినా మాటలు రాకపోతే, "మా దేవరాజు గూడా ఆలస్యమే" అంది అత్త. నేనూ నమ్మాను. మొదటి బిడ్డ. పిల్లలు ఎప్పుడు ఏం చెయ్యాలో నాకు పుస్తకాల్లో తెలుసు. పుస్తకంలో ఉన్నదీ, నా ఒడిలో ఉన్నదీ ఒకటి కాకపోతే పుస్తకమే తప్పేమో అనుకునేదాన్ని. అలా అనుకుంటూనే మళ్ళీ మళ్ళీ తెరిచి చూసేదాన్ని.

ఆ రోజుల్లోనే లూదియా కొత్త ప్లేయరు కొంది. నేను నంద్యాల వెళ్ళినప్పుడు నల్లట్ట రికార్డు పెట్టి వినిపించింది. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయిల్ ఇంజను తొందరపడుతోంది. బూర గొంతు సన్నబడింది.

"ఇది మనది కాదు" అన్నాను.

"ఇదే అసలుది మే. మనం ఇన్నేండ్లూ ఇనింది తప్పు. పాత మిషన్లో రబ్బరు చక్రం అరిగి జారతాండె, పళ్ళెం నిదానంగా తిరుగుతాండె. సినిమా పాటైతే తెలుస్తాది, నాయన వేలితో తోసి సరిచేసేటోడు. దీని అసలు వేగం మన్లో ఎవురికి తెలుసు? మనకు మొదటి తూరి ఎట్ల ఇనపడిందో అదే సరి అనుకున్యాం."

"నాకు ఆ పాతదే కావాల."

"నీకు కావాల్నని నిదానంగా తిరగదు, రత్నా."

నిరుటి ఎండాకాలం, పక్క పాకలో పెద్ద విగ్రహం ఒకటి పూర్తయింది. ఎక్కడి గుడికో పంపడానికి లారీ వచ్చింది. పెద్ద విగ్రహం బయలుదేరే రోజు టెంకాయలు కొట్టి, పూలు వేసి, మైకు పెట్టి సాగనంపడం ఆ పాక వాళ్ళ పద్ధతి. మైకు కట్టడానికి లూదియా వచ్చింది. గొట్టం ఒకటి మా ప్రహరీ గోడ పక్క గుంజకు కట్టింది. హేమ దాని కిందే ఇసుకలో కూర్చుని, గ్లాసుతో ఇసుక పోసుకుంటూ ఆడుకుంటోంది.

పాక పెద్ద మాట్లాడబోయి మైకును గొట్టం వైపు తిప్పాడు. మైకు కీచుమని కూసింది. అక్కడున్న వాళ్ళందరూ చెవులు మూసుకున్నారు. కట్టేసిన దూడ తాడు తెంపుకోబోయింది. ఎదురింటి పసిపిల్ల కేరుమంది. హేమ గ్లాసు నింపి, బోర్లించి, మళ్ళీ నింపుతోంది.

లూదియా మైకు ఆపి హేమనే చూడటం వంటింటి కిటికీలోంచి నాకు కనిపించింది. వెనకగా వచ్చి తాళాల గుత్తి ఊపింది. చేతులు చరిచింది. హేమ తిరగలేదు. తర్వాత లారీ ఇంజను మొదలైంది. అప్పుడు హేమ గ్లాసు పడేసి రెండు అరచేతులూ నేలకు ఆనించింది.

లూదియా వంటింట్లోకి వచ్చింది. నేను బెల్లం నీళ్ళు కలుపుతున్నాను.

"రత్నా, పాపకు ఇనపడ్తాండలేదు."

"ఉలి చప్పుడుకు అలవాటు పడింది" అన్నాను.

"నేను ఉలి మాట చెప్తాండలే. మైకు కూసింది. దూడ ఎగిరింది. ఇది తల తిప్పలే."

అత్త గడపలోంచి అందుకుంది. "శుభమా అని బొమ్మ బయల్దేరుతాంటే నీ నోట మంచి మాట రాదా? ఇంట్లోకొచ్చి బిడ్డ మీద ఏందా మాట?"

నాకు కోపం వచ్చింది. లూదియా చెప్పిన మాటకు కాదు, ఆ మాట నాకు కొత్తగా అనిపించనందుకు. "నీకు పిల్లలుండారా, పిల్లల సంగతి చెప్తాండావ్?" అన్నాను.

లూదియా గడప వైపు నడిచింది.

"పిల్లల్లేరు. చెవులుండాయి" అంది. వైర్లు చుట్టుకుని, బెల్లం నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాకు నిలకడ లేదు. తలుపు వేస్తే హేమ తిరిగిందా, గిన్నె పడితే తిరిగిందా? పాఠం చెబుతూ చెబుతూ ఇంటికి పరుగెత్తాలనిపించేది. ఇంటికి వస్తే బడిలో ఉంటేనే నయమనిపించేది. బడి ల్యాబ్ నుంచి శ్రుతిదండాలు తెచ్చాను. హేమను బల్ల మీద కూర్చోబెట్టి, దండాన్ని రబ్బరు దిమ్మకు కొట్టి, బల్లకు ఆనించాను. హేమ నవ్వింది. మళ్ళీ ఆనించాను, మళ్ళీ నవ్వింది. దేవరాజును కేకేశాను.

"చూడు! ఇనపడ్తాంది!"

అత్త దిష్టి తీసింది. ఆ సాయంత్రమంతా ఇంట్లో పండగే. నేను మాత్రం దండాలను గుడ్డలో చుడుతూ ఆగిపోయాను. ఏటా పిల్లలకు నేనే చెబుతాను, దండాన్ని బల్లకు ఆనిస్తే బల్ల కూడా కంపిస్తుందని. హేమ కూర్చున్నది బల్ల మీద. మళ్ళీ తీశాను. ఈసారి హేమను దేవరాజు ఎత్తుకున్నాడు. నేను దండాన్ని కొట్టి, దేనికీ తగలకుండా, ఆమె తల వెనక గాలిలో పట్టుకున్నాను. హేమ తండ్రి చొక్కా బొత్తాంతో ఆడుకుంటోంది. ఇంకా సన్నటి గొంతు దండం తీసుకున్నాను. బొత్తాంతో ఆడుకుంటోంది.

"ఇంకోతూరి కొట్టు" అన్నాడు దేవరాజు. కొట్టాను. "ఇంకోతూరి" అన్నాడు. అత్త వచ్చి నా చేతిలోంచి దండం తీసుకుని, తన చెవి దగ్గర పెట్టుకుని చూసింది. అది మోగుతూనే ఉంది.

కర్నూలులో చెవుల డాక్టరు చెప్పింది మేము ఎంతోకొంత ఊహించుకున్నదే. లావు చప్పుళ్ళు కొంచెం తెలుస్తాయి, సన్నవి తెలియవు. చెవి మిషన్ పెడితే మేలు జరగవచ్చు, ఎంతన్నది ఇప్పుడే చెప్పలేం. మెల్లగా అలవాటు చెయ్యండి. ముఖ్యం, పిల్ల దాన్ని ఉంచుకోవాలి. మాటలు నేర్చే వయసు దాటనివ్వకండి.

ఆ చివరి మాట నన్ను తినేసింది. మిషన్ అంటే సబ్బుపెట్టె లాంటి చిన్న డబ్బా, చప్పుడును పట్టే మైకు అందులోనే ఉంటుంది, గుడ్డసంచిలో రొమ్ము మీద కట్టాలి. దాని నుంచి సన్నటి వైరు, చివర చెవిలో దూర్చే బిరడా. డాక్టరు గుర్తు పెట్టిన చోటికి బొత్తాం తిప్పి, బిరడా చెవిలో పెట్టేదాన్ని. పెట్టీ పెట్టగానే హేమ మొహం ఎర్రబడేది, కెవ్వుమనేది, వైరు పట్టి లాగేసేది. అత్త బెల్లం ముక్క చూపించింది. దేవరాజు డబ్బాకు బొమ్మ అతికించాడు. నేను చేతులు పట్టుకుని బలవంతంగా కూడా పెట్టాను. చివరికి సంచి చూస్తేనే మంచం కిందికి దూరేది. మెల్లగా అంటే రోజుకు కాసేపు అని నేను అనుకున్నాను. ఆ కాసేపు కూడా ఉంచుకోవడం లేదు. నెలలు పోతున్నాయి. పక్కింట్లో హేమ ఈడు పిల్ల వాళ్ళ అవ్వను పేరు పెట్టి పిలుస్తోంది.

ఒక ఆదివారం హేమను ఎత్తుకుని నంద్యాల బయల్దేరాను. యాడికి పోతాండావని అత్త అడిగింది. "లూదియా దగ్గరికి" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి, వేడివేడి చెక్కలు ఒక గుడ్డలో కట్టి తెచ్చింది. "ఆ యమ్మికి ఇయ్యి. ఆ పొద్దు నీళ్ళు గూడ తాగకుండ పాయ."

షాపులో లూదియా అప్పుడే చర్చి నుంచి వచ్చి గొట్టాలు దించుకుంటోంది. నన్ను చూసి, హేమను చూసి, బస్సులో నిద్రపోతుండగా నేను హేమ మెడలో కట్టిన సంచి చూసింది.

"బస్సులో కూచోను దొరికిందా?" అంది.

నేను జరిగిందంతా చెబుతుంటే ఆమె చెక్క కొరుకుతూ, డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వు ఎట్ల పెడతాండావో చూపీ."

బొత్తాం తిప్పాను. బిరడా చేతిలో ఉండగానే సన్నగా కూత పెట్టింది. హేమ చెవి వైపు తీసుకెళ్ళబోయాను.

"ఆగు, ఆగు! అంత సౌండు పెట్టి చెవిలో దూరుస్తావా? నా గొట్టంలో తల పెట్టుకుని మైకు ఆన్ చెయ్యమంటే చేస్తావా నువ్వు? మేమేం చేస్తాం? అంతా సున్నాలో పెట్టి, వైర్లన్నీ తగిలించి, ఆ తర్వాత పెంచుతాం. డాక్టరు మెల్లగా అన్న్యాడు కదా. మెల్లగా అనింది బొత్తానికి గూడ."

బొత్తాం సున్నాకు తిప్పింది. హేమ చేతికి రెండు సీసా మూతలు ఇచ్చి, మాటల్లో పెట్టినట్టు మొహంతో నవ్విస్తూ, బిరడా చెవిలో పెట్టింది. హేమ మొహం ముడుచుకుంది, చెయ్యి వైరు మీదికి పోయింది. ఏమీ జరగలేదు. చెయ్యి దిగింది. మూతలతో ఆడుకోవడం మొదలుపెట్టింది.

"నల్లట్ట పెడదాం" అంది లూదియా. "దాంట్లో మొదట లావు తీగే కదా. దీనికి తెలిసే సౌండు."

"పెట్టె నేల మీద వద్దు. అదురు తెలుస్తాది" అన్నాను. బల్ల మీద మోసపోయాను, మళ్ళీ మోసపోలేను. ఇద్దరం స్పీకరు పెట్టెను లేపి, కింద బొంత మడిచి వేసి, దాని మీద పెట్టాం. హేమను నా ఒడిలో రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చోబెట్టుకున్నాను. ప్లేయరూ, లూదియా ఆమె వెనక.

"ఏ వేగం మే? మన పాతదా, అసలుదా?" పళ్ళెం అంచుకు వేలు ఆనించి అడిగింది. అలా వేలు ఆనిస్తే నిదానిస్తుంది. మా కాలేజీ రోజుల రికార్డు అవుతుంది. నిదానిస్తే గొంతులన్నీ లావెక్కుతాయి, హేమకు ఇంకా సుళువు. పాతదే అన్న మాట నాకు నోటిదాకా వచ్చింది.

"అసలుదే పెట్టు" అన్నాను. "దానికి మొదటి తూరి ఇనపడేది సరిగ్గా ఇనపడనీ."

లూదియా వేలు తీసేసింది. తీగ మోగింది. నేను డబ్బా మీది బొత్తాన్ని పావు చుట్టు, ఇంకొంచెం, ఇంకొంచెం తిప్పాను. హేమ రెండు మూతలు కలిపి రాస్తోంది. డ్రమ్ములు వచ్చాయి, గిటారు వచ్చింది. పిల్ల మొహంలో ఏమీ లేదు. ఏడవలేదు, లాగేసుకోలేదు, తిరగనూ లేదు. రోడ్డు మీద గొర్రెలు పోతుంటే చూస్తోంది. బూర వచ్చి అడిగి వెళ్ళిపోయింది. నా గుండె హేమ వీపుకు కొట్టుకుంటోంది, ఆమెకు అదొక్కటే తెలుస్తోందేమో అనుకున్నాను.

"ఏం లేదు లూదియా" అన్నాను.

లూదియా ముల్లు ఎత్తేసింది.

హేమ చేతిలో మూతలు ఆగాయి. తల ఎత్తింది. గొర్రెలు అప్పటికే దాటిపోయాయి, రోడ్డు ఖాళీగా ఉంది. నా ఒడిలోనే మెల్లగా వెనక్కి తిరిగి, లూదియా చేతి వైపు, పెట్టె వైపు చూసింది. ఎవరో అక్కడ ఉండి లేచిపోయినట్టు.

నా నోట వచ్చిన మొదటి మాట, "మళ్ళీ చెయ్యి."

"చూసినావ్ కదా."

"ఒక్కతూరి చాలదు. ఊరికే తిరిగిండొచ్చు. మళ్ళీ చెయ్యి."

"నీ ల్యాబ్ బుద్ధి పోనిచ్చుకోవు" అని లూదియా ముల్లు దించింది. హేమను మళ్ళీ రోడ్డు వైపు తిప్పాను. చాలాసేపు మోగనిచ్చి, ఎత్తేసింది. హేమ తిరిగింది. మూడోసారి ఎత్తితే తిరగలేదు. మళ్ళీ ముల్లు దించమన్నాను.

"దానికి ఇసుగొచ్చింది మే, నీ ప్రయోగంతో. నాకూ వచ్చింది" అంది లూదియా. రికార్డు తిప్పి రెండో పక్క వేసి, ఈసారి ఎత్తకుండా వదిలేసింది.

హేమ నా ఒడి దిగింది. నేను పట్టుకోబోతే లూదియా చెయ్యి అడ్డం పెట్టింది. పిల్ల బొంత దాకా నడిచి, పెట్టె ముందు నిలబడింది. పెట్టెను చేత్తో తాకలేదు. మెడలోని గుడ్డసంచిని రెండు చేతులతో పట్టుకుని, ముందుకు చాచి, పెట్టె మొహానికి ఎదురుగా ఎత్తి పెట్టింది.

లూదియా నా భుజం మీద గట్టిగా చరిచింది.

"చూడు మే! మైకు యాడ పెట్టాల్నో దానికి తెలిసిపాయ."